కథ, కబుర్లు, కత్తెర: శాఖా గ్రంథాలయంలో పిల్లల ఆదివారం నడిపే పద్ధతి

మొదటి ఆదివారం కథ చదివి, పుస్తకం మూసి, "ఈ కథలో నీతి ఏమిటి పిల్లలూ?" అని అడిగాను. పద్దెనిమిది మందీ ఒక్క గొంతుతో "దురాశ దుఃఖానికి చేటు!" అన్నారు. నేను చదివింది వానలో తడిసిన కుక్కపిల్ల కథ. అందులో దురాశా లేదు, చేటూ లేదు. బళ్ళో ఏ కథ చదివినా చివర ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి నోటికొచ్చిన జవాబు చెప్పేశారు.

ఆ తర్వాత ఇంకో పావుగంట ఏవేవో అడిగాను. ఒక్కరూ పెదవి విప్పలేదు. విసుగొచ్చి, తెచ్చిన రంగు కాగితాలు పంచి, కుక్కపిల్లని కత్తిరించుకోమన్నాను. అప్పుడు మొదలైంది గోల. "మా వీధి కుక్కకి కూడా ఒక చెవి ఇలాగే వాలిపోయి ఉంటుంది ఆంటీ." "వాళ్ళమ్మ దాన్ని లోపలికి రానివ్వకపోవడం కరెక్టే, ఇల్లంతా బురద చేస్తే ఎవరు తుడుస్తారు?" "నువ్వు తుడవొచ్చుగా!" నేను పావుగంట అడిగినా రాని మాటలు, చేతులు పనిలో పడగానే వాటంతట అవే వచ్చాయి.

అప్పట్నుంచి మా చిన్న ఊరి లైబ్రరీలో నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. కథ ఒకటి, ఆ కథలోంచి పుట్టిన ప్రశ్న ఒకటి, ఆ ప్రశ్నకి చేత్తో చేసే జవాబు ఒకటి. చర్చని ఒక గంట, క్రాఫ్టుని ఇంకో గంట అని విడదీస్తే మొదటిది క్విజ్ పోటీ అవుతుంది, రెండోది గోడకి తగిలించే తోరణాల తయారీ అవుతుంది. నేను లైబ్రేరియన్ని కాను, వారమంతా ఆఫీసు ఉద్యోగం చేసుకునే మనిషిని. మీ ఊళ్ళో మీరూ మొదలుపెట్టాలనుకుంటే, ఏది ముందు ఏది వెనక అన్నది కింద రాశాను.

మొదటి మెట్టు: లైబ్రేరియన్, రీడింగ్ హాలు, తాతగారు

ముందు లైబ్రేరియన్‌ని కలవండి. మొహమాటం అక్కర్లేదు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకంగా వెళ్తుంది, ఆ లైబ్రరీ మనది కూడా. అలాగని హక్కుల గురించి మాట్లాడుతూ లోపలికి వెళ్ళకండి. చాలా శాఖల్లో ఉండేది ఒక్కరే ఉద్యోగి. తాళం తియ్యడం, పేపర్లు సర్దడం, రిజిస్టరు రాయడం, రిపోర్టు పంపడం, అన్నీ ఆయనే. మీరు పెట్టబోయే కార్యక్రమం ఆయన నెత్తిన ఇంకో పని కాకూడదు. "చాపలు మేమే తెచ్చుకుంటాం, తర్వాత మేమే ఊడుస్తాం, పిల్లల పేర్లు మేమే రాసి ఇస్తాం" అని తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపాల్సి వస్తే ఆ కాగితమే పనికొస్తుంది.

మన దగ్గర శాఖా గ్రంథాలయాలకి సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటాయి. పిల్లలకి బడి లేనిదీ ఆ రోజే, ఇంతకంటే ఏం కావాలి? చాలా చోట్ల ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు తీస్తారు. నేను ఎంచుకున్నది ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు. ఎనిమిదికే పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్ళ తాకిడి అప్పటికి తగ్గుతుంది.

తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. మా లైబ్రరీలో ఒక తాతగారు పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా వదలకుండా చదువుతారు. రెండో ఆదివారం ఆయన లేచొచ్చి, "అమ్మాయ్, ఇది లైబ్రరీయా, చేపల మార్కెట్టా?" అన్నారు. అటుపక్క బల్లల మీద గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే కుర్రాళ్ళు. వాళ్ళకి నిశ్శబ్దం అన్నంతో సమానం. తప్పు మాదే. మరుసటి వారం నుంచి వరండాలోకి మారాం. మీ దగ్గర వరండా లేకపోతే చెట్టు కింద, అదీ లేకపోతే పక్కనున్న బడి వాకిట్లో పెట్టుకోండి. పోటీ పరీక్షల కుర్రాళ్ళని మాత్రం మంచి చేసుకోండి. వాళ్ళలో ఒకరు వారానికి గంట కేటాయిస్తే మీకు రెండో మనిషి దొరికినట్టే. మాకు అలాగే దొరికాడు.

ఒక పెద్దమనిషికి పన్నెండు నుంచి పదిహేను మంది పిల్లలు. అంతకు మించితే చర్చ ఉండదు, క్రమశిక్షణే ఉంటుంది. వయసుని బట్టి మూడు జట్లు చెయ్యండి: ఒకటి నుంచి మూడో తరగతి, నాలుగు నుంచి ఆరు, ఏడు నుంచి తొమ్మిది. మూడు జట్లనీ ఒకే రోజు కూర్చోబెట్టాలని చూడకండి. ఒక్కో జట్టుకి ఒక్కో ఆదివారం ఇస్తే మీకూ ఊపిరాడుతుంది.

రెండో మెట్టు: కథని ఎంచడం

పిల్లల పుస్తకాలు గాజు బీరువాలో, బీరువాకి తాళం, తాళంచెవి ఎక్కడో సొరుగులో. ఇది చాలాచోట్ల చూశాను. చింపేస్తారన్న భయం. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో మొదటిదే చెబుతుంది. లైబ్రరీ సైన్సు చదివిన ప్రతి లైబ్రేరియన్‌కీ ఇది కంఠతా వచ్చు, కాబట్టి కాస్త నవ్వుతూ గుర్తుచేస్తే బీరువా తెరుచుకుంటుంది. పుస్తకాలు దులిపి, ఒక ఇరవై బయట బల్ల మీద అట్ట పైకి కనిపించేలా పరవండి.

కథ ఎంచేటప్పుడు నేను చూసేవి ఇవి. గట్టిగా చదివితే పది పన్నెండు నిమిషాల్లో అయిపోవాలి. నడుమ ఒక ముడి ఉండాలి, అంటే ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా అనుకోగలిగే చోటు. అందరూ మంచివాళ్ళే అయిన కథలో, చెడ్డవాడికి శిక్ష పడి ముగిసే కథలో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. చివర్లో "నీతి" అని వాక్యం అచ్చువేసి ఉంటే దాని మీద చిన్న కాగితం క్లిప్పుతో పెట్టి మూసేయండి. గమ్ మాత్రం పెట్టకండి, అది లైబ్రరీ పుస్తకం.

ఇప్పటి పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే మాత్రం వత్తు దగ్గర ఆగిపోతారు. వాళ్ళ చేత నలుగురిలో గట్టిగా చదివించకండి. సిగ్గుపడి మళ్ళీ రారు. చదవడం మీ పని. పేజీకి రెండు మూడు వాక్యాలుండే బొమ్మల పుస్తకం అయితే తర్వాత వాళ్ళే చేతిలోకి తీసుకుని మెల్లగా కూడబలుక్కుంటారు.

లైబ్రరీలో సరైనవి లేకపోతే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నవి కాబట్టి ప్రింటు తీసి పంచినా తప్పు లేదు. ఏమీ దొరక్కపోయినా కంగారు లేదు. అమ్మమ్మ చెప్పిన కథలు ఎక్కడికీ పోలేదు. నేను ఇక్కడ ఉదాహరణగా తీసుకునేది అందరికీ తెలిసిన ఏడు చేపల కథనే.

మూడో మెట్టు: శనివారం రాత్రి ఇంట్లో

కథని ఒకసారి గొంతెత్తి చదవండి. ఎక్కడ నాలుక తడబడుతుందో తెలుస్తుంది. ఆగాల్సిన రెండు చోట్ల పెన్సిల్ చుక్క పెట్టుకోండి. క్రాఫ్టు మొదటి నుంచి చివరిదాకా మీరే చేసి చూడండి, గడియారం పెట్టుకుని. మీకు పది నిమిషాలు పడితే పిల్లలకి పాతిక పడుతుంది. నాకు పావుగంట దాటిన దేన్నీ నేను తీసుకెళ్ళను.

గంటన్నర సమయం నా లెక్కలో ఇలా పోతుంది: వచ్చి కూర్చోవడానికి పది, కథకి పన్నెండు, కబుర్లకి పదిహేను, చేతిపనికి ముప్పై అయిదు, చేసింది చూపించుకోవడానికి పది, చివర్లో పుస్తకాలు తీసుకుని సర్దుకోవడానికి ఎనిమిది. కబుర్లకి పదిహేను నిమిషాలేనా అనుకోకండి. అసలు కబుర్లు కత్తెర పట్టుకున్నాక వస్తాయి.

నాలుగో మెట్టు: చదవడం

అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. మీరూ చాప మీదే కూర్చోండి. కుర్చీలో కూర్చుంటే టీచరైపోతారు. పుస్తకాన్ని పక్కకి పట్టుకుని బొమ్మలు కనిపించేలా చదవండి. కష్టమైన మాట వచ్చిన ప్రతిసారీ ఆగి అర్థం చెప్పకండి, కథ కుంటుపడుతుంది. వాళ్ళే అడిగితే ఒక్క మాటలో చెప్పి ముందుకి పొండి.

ఏడు చేపల కథలో మీరు చదవాల్సింది సగమే, మిగతా సగం పిల్లలే అందుకుంటారు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" గడ్డిమేటు అడ్డొచ్చింది. గడ్డిమేటుని అడిగితే ఆవు మేయలేదంది. ఆవుని అడిగితే పాలేరు మేపలేదంది. పాలేరుకి అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ దగ్గర పిల్లాడు ఏడుస్తున్నాడు. పిల్లాడిని చీమ కుట్టింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది చీమ.

ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెబుతారు. పాలేరు కొన్ని ఇళ్ళలో గొల్లవాడు, గడ్డిమేటు కొన్ని చోట్ల గడ్డిమోపు. "మా నానమ్మ ఇలా చెప్పదు" అని ఎవరైనా అంటే పండగే. "మరి ఎలా చెబుతుంది?" అని అడగండి. అక్కడే చర్చ మొదలైపోయింది.

అయిదో మెట్టు: కబుర్లు

ప్రశ్న ఒక్కటే తీసుకెళ్ళండి. నా ప్రశ్న: "చేప ఎండకపోవడం ఎవరి తప్పు?"

"చీమది" అన్నారు అందరూ, మామూలే. నాలుగో తరగతి పిల్ల ఒకతి, "మన ఇంట్లోకి ఎవరైనా వేలు పెడితే మనం ఊరుకుంటామా?" అంది. సరే, పిల్లాడి తప్పు. "వాడు చిన్నోడు, వాడికేం తెలుసు? అవ్వ చూసుకోవాలి." "అవ్వ ఒక్కతే వంట చెయ్యాలి, వీణ్ణీ చూడాలి. వాళ్ళమ్మేది?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "పొలానికెళ్ళింది" అని ఎవరో తేల్చారు. అప్పటిదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్న ఆరో తరగతి అబ్బాయి నోరు తెరిచాడు. "గడ్డిమేటు నీడ పడుతుందని ఆ ఏడుగురికీ కనపడలేదా? చేపని పక్కకి జరిపితే అయిపోయేదిగా."

ఈ కథని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. చేపని పక్కకి జరపొచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ పదిహేను నిమిషాల్లో నేను అన్నవి రెండే మాటలు. "ఎందుకలా అనిపించింది?" ఒకటి. "ఇంకెవరికైనా వేరేలా అనిపించిందా?" రెండోది. మూడో మాట అవసరం రాదు. ముఖ్యంగా "వెరీ గుడ్" అనకండి. ఒకసారి అన్నారంటే మిగతా పద్నాలుగు మంది ఆ జవాబే కరెక్టు అనుకుని దాన్నే తిప్పి తిప్పి చెబుతారు. తల ఊపి, పక్కవాళ్ళ వైపు చూడండి. చాలు.

అడిగిన వెంటనే జవాబు రాకపోతే మనకి టెన్షన్. గబగబా ఇంకో ప్రశ్న వేస్తాం, లేదా మనమే జవాబు చెప్పేస్తాం. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో ఎవరో ఒకరు కదులుతారు. అప్పటికీ కదలకపోతే "పక్కనున్నవాళ్ళతో ఒక నిమిషం మాట్లాడుకోండి" అనండి. పదిహేను మంది ముందు నోరు విప్పని పిల్ల, ఒక్క స్నేహితురాలితో మాట్లాడుతుంది. తర్వాత ఆ స్నేహితురాలు "ఇది ఏమందంటే ఆంటీ..." అని మొదలుపెడుతుంది.

వదలకుండా మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళ కోసం చింతపిక్కలు. మీ వైపు చింతగింజలంటారేమో. ఒక్కొక్కరికి మూడు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పళ్ళెంలో వెయ్యాలి. మూడూ అయిపోతే వినడమే. మొదటి రెండు నిమిషాల్లోనే ఖర్చుపెట్టేసుకున్నవాడు మూడో వారానికి పొదుపు నేర్చుకుంటాడు. ఒక్క పిక్క కూడా వెయ్యని పిల్లని మాత్రం "నువ్వు చెప్పు" అని లేపకండి. ఆమె వంతు కత్తెర దగ్గర వస్తుంది. ఒకటి రెండు తరగతుల వాళ్ళకి పిక్కలు ఇవ్వకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. ఆ వయసుకి కూర్చోబెట్టి చర్చ కుదరదు కూడా. ఒకర్ని చేపగా, ఒకర్ని ఆవుగా, ఒకర్ని చీమగా నిలబెట్టి ఆడించండి. ఆడుతూ ఆడుతూ కథ మార్చేస్తారు, అదే వాళ్ళ చర్చ.

ఆరో మెట్టు: ఏడు చేపల మడతల పుస్తకం

ఈ కథకి కాగితం చేపలు కత్తిరించడం ఎవరికైనా తట్టే ఆలోచన. కానీ అది మన ప్రశ్నకి జవాబు కాదు. కథ ఒక గొలుసు, ఎక్కడ తెంపాలో పిల్లలు చెప్పాలి. అందుకని గొలుసులాగే సాగే పుస్తకం చేయిస్తాను. లెక్క కూడా భలే కుదిరింది: చేప, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ, మొత్తం ఏడు. అట్టతో కలిపి ఎనిమిది.

స్టేషనరీ షాపులో దొరికే ఫుల్ సైజు చార్టు 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉంటుంది. పొడవు అలాగే ఉంచి వెడల్పు వైపు నాలుగేసి అంగుళాల పట్టీలు కొయ్యండి. ఒక చార్టుకి అయిదు పట్టీలు వస్తాయి, పదిహేను మందికి మూడు చార్టులు చాలు. ఈ కోత శనివారమే ఇంట్లో అయిపోవాలి, కట్టర్ పిల్లల ముందు తియ్యకూడదు. మిగిలిన రెండంగుళాల ముక్కలు దాచుకోండి, పుస్తకంలో పెట్టుకునే గుర్తు పట్టీలవుతాయి.

పట్టీని పొడవు వైపు సగానికి మడవాలి. మళ్ళీ సగానికి. మళ్ళీ సగానికి. మూడో మడతకి చార్టు మొండికేస్తుంది, స్కేలు అంచుతో గట్టిగా రుద్దించండి. విప్పితే మూడున్నర అంగుళాల గడులు ఎనిమిది కనిపిస్తాయి. మడతలన్నీ ఒకే వైపుకి ఉండవు కాబట్టి ఇప్పుడు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, విసనకర్రలా తిరగమడవాలి. పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. "కొండ, లోయ, కొండ, లోయ" అని అందరిచేత అనిపిస్తూ మడిపిస్తే కుదురుతుంది.

మొదటి గడి అట్ట: కథ పేరు, తన పేరు. తర్వాత ఏడు గడుల్లో ఏడుగురి బొమ్మలు. బొమ్మ రానివాళ్ళు వేలిముద్రకి కాళ్ళు గీస్తే చీమ, ఆకుని అంటిస్తే చేప. ఇక అసలు సంగతి: పట్టీ వెనక్కి తిప్పి, గొలుసు ఎక్కడ తెగాలో ఆ గడి వెనకాల "నేనైతే..." అని ఒక వాక్యం రాయాలి. "నేనైతే చీమ పుట్ట చుట్టూ కర్రలు పాతుతాను." "నేనైతే పాలేరుకి నా బువ్వలో సగం పెడతాను." రాయడం రానివాళ్ళు చెబితే మీరు రాసిపెట్టండి, వాళ్ళ మాటల్లోనే. గ్రాంథికం చెయ్యకండి.

ఒక పిల్ల ఏ గడి వెనకా రాయలేదు. ఎందుకమ్మా అంటే, "అన్నీ ఎండితే కథే ఉండదు కదా ఆంటీ" అంది. మూడు చింతపిక్కలూ గుప్పిట్లోనే పెట్టుకు కూర్చున్న పిల్ల ఆమే.

పెద్ద పిల్లలకి వేరే లెక్క

ఏడో తరగతికి వచ్చాక కాగితం చేపలంటే మొహం తిప్పుకుంటారు. వాళ్ళకి చిన్న నవల, నాలుగు వారాలు. ఉండేది ఒకటో రెండో కాపీలు. మొదటి అధ్యాయం మీరు చదివి, సరిగ్గా ఉత్కంఠగా ఉన్నచోట ఆపండి. కాపీ మనిషికి మూడు రోజులు, ఎవరి తర్వాత ఎవరో పుస్తకంలోనే చీటీ పెట్టండి. అందరూ పూర్తిగా చదివి రావాలని పట్టుబట్టకండి. చదివినవాడు చదవనివాడికి చెప్పడం కూడా చర్చే.

వాళ్ళకి నేను పెట్టే చేతిపని పుస్తకం కుట్టడం. నాలుగు ఏ-ఫోర్ కాగితాలు సగానికి మడిచి ఒకదానిలో ఒకటి పెట్టి, పైన పాత శుభలేఖ అట్టో మందపాటి కాగితమో తొడగాలి. నడుమ మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు: సరిగ్గా మధ్యలో ఒకటి, పైన కింద అంచులకి అంగుళం దూరంలో ఒక్కోటి. నూలు దారం పుస్తకం ఎత్తుకి రెండున్నర రెట్లు తీసుకుని కొవ్వొత్తి మైనం మీద లాగితే చిక్కు పడదు. లోపల నుంచి మధ్య రంధ్రంలోంచి సూది బయటికి తియ్యాలి, నాలుగంగుళాల కొస లోపలే వదలాలి. బయట నుంచి పై రంధ్రంలోకి. లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి కింద రంధ్రంలోంచి బయటికి. మళ్ళీ మధ్య రంధ్రంలోంచి లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపల ఉంటాయి, మధ్యలో పొడవాటి కుట్టు ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి ఉండేలా చూసి ముడి వెయ్యాలి. పదహారు పేజీల నోటుబుక్ రెడీ. నాలుగు వారాలూ నవల గురించి రాసుకోవడం అందులోనే.

కుట్టడం వచ్చాక వాళ్ళ చూపు మారుతుంది. ఊడిపోయిన లైబ్రరీ పుస్తకం కనిపిస్తే "ఇది మనం బాగుచెయ్యొచ్చు" అంటారు. లైబ్రేరియన్ పక్కనుంటేనే, ఆయన ఇచ్చినవే చేయించండి. సెల్లో టేపు మాత్రం వాడనివ్వకండి. రెండేళ్ళలో అది పసుపెక్కి, జిగురు కాగితంలోకి ఇంకి, అక్షరాలు మచ్చపడతాయి.

చలికాలం సాయంత్రాల్లో ఇంకోటి చెయ్యొచ్చు, నీడబొమ్మలు. అసలు తోలుబొమ్మలు చూడాలంటే శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట వెళ్ళాలి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వెలుతురు దూరేంత పలచగా చేసి రంగులద్దుతారు కాబట్టి తెర మీద రంగు నీడ పడుతుంది. మన దగ్గర నల్ల చార్టు, అగరుబత్తి పుల్లలు, ఒక తెల్ల పంచె చాలు. మోచేయి దగ్గర వేరే ముక్కగా కోసి, దారం గుచ్చి రెండు వైపులా ముడేస్తే చెయ్యి ఆడుతుంది. వెనక ట్యూబులైటు పెడితే నీడ అలుక్కుపోతుంది, ఫోన్ టార్చి అయితే గీత గీసినట్టు వస్తుంది. బొమ్మని పంచెకి ఆనించి పట్టుకోవాలి. కథలో ఇద్దరు గొడవపడే ఘట్టం ఒక్కటి తీసుకుని, ఒకసారి ఒకరి వైపు నుంచి, ఇంకోసారి రెండోవారి వైపు నుంచి ఆడించండి.

సామాను, జిగురు, జాగ్రత్తలు

మొన గుండ్రంగా ఉండే కత్తెరలు ఎనిమిది (ఇద్దరికి ఒకటి, అడిగి తీసుకోవడంలోనే సగం కబుర్లు), స్కేళ్ళు అయిదు, క్రేయాన్లు నాలుగు పెట్టెలు, పెన్సిళ్ళు, తడిగుడ్డ ఒకటి, చెత్తకి గోనెసంచి ఒకటి. ఇంటి దగ్గర పాత శుభలేఖలు అడిగి పోగుచెయ్యండి, అంత మంచి కాగితం కొన్నా దొరకదు. లైబ్రరీ పాత పేపర్లు కదా అని కత్తిరించకండి. అవి లెక్కలో ఉంటాయి. కింద పరుచుకునే పేపర్లు కూడా ఇంటి నుంచే.

జిగురుకి కప్పు మైదా, కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మూడు కప్పుల మరిగే నీళ్ళు పోస్తూ తిప్పి, మెరుపు వచ్చేదాకా సన్నసెగ మీద ఉంచితే చాలు. పాతకాలంలో పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం వేసేవారు. అది విషం, పిల్లల జిగురులో వద్దే వద్దు. ఏ రోజుది ఆ రోజే వాడి పారెయ్యండి. మైదా అంటించిన బొమ్మల్ని బీరువా దగ్గర దాచకండి, బొద్దింకలు ముందు వాటికోసం వచ్చి తర్వాత పుస్తకాలు పడతాయి. పుస్తకాల పురుగులు మనకి పిల్లల్లోనే కావాలి.

మొదటి నెలలోనే మాకొక దెబ్బ తగిలింది. బొమ్మలు చూస్తూ గీసుకుంటారని కథల పుస్తకాన్ని పని జరిగే చాప మీదే వదిలాను. జిగురు గిన్నె ఒలికి నాలుగు పేజీలు అంటుకుపోయాయి. కొత్త కాపీ కొనిచ్చాను. అప్పట్నుంచి రెండు చాపలు, ఒకటి చదివేది, ఒకటి చేసేది. పుస్తకం రెండో చాప మీదకి రాదు.

పిల్లల విషయంలో కొన్ని గట్టి నియమాలు: తల్లిదండ్రుల ఫోన్ నంబరు లేకుండా ఎవర్నీ కూర్చోబెట్టకండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, తలుపులు తీసే ఉండాలి. ఎవరు తీసుకెళ్తున్నారో సంతకం పెట్టించుకోండి. ఫోటోలు అడక్కుండా తియ్యకండి, వాట్సాప్ స్టేటస్‌లో అస్సలు పెట్టకండి. మంచినీళ్ళు, బాత్రూం సంగతి ముందే చూసుకోండి.

రానివాళ్ళు, వచ్చినవాళ్ళు, నవంబరు

సంక్రాంతి వారం ముగ్గురే వస్తారు. క్రికెట్ మ్యాచి ఉంటే అయిదుగురు. ముగ్గురితోనే నడపండి. రద్దు చేశారంటే మిగతావాళ్ళు "ఉంటుందో ఉండదో" అని మానేస్తారు. బహుమతులు పెట్టకండి. ఫస్టు, సెకండు అనగానే బొమ్మలు వేసేది అమ్మానాన్నలవుతారు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలు చేసినవి పెట్టడానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ ఆ రోజు పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి అతిథుల ఉపన్యాసాలు వినిపించే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. నేను లైబ్రేరియన్‌ని ఒక్కటే అడిగాను: అతిథులు రాగానే ముందు పిల్లల బల్ల దగ్గరికి తీసుకురండి, ప్రసంగాలు తర్వాత. పిల్లలు తమ మడతల పుస్తకాలు విప్పి చూపిస్తూ, "మీరైతే గొలుసు ఎక్కడ తెంపుతారు సార్?" అని అడిగారు. ఒక సార్ చాలాసేపు ఆలోచించారు.

వారోత్సవాలయ్యాక ఆ పుస్తకాలు ఇంటికి పంపేయడమే పద్ధతి. ఇష్టపడి ఇచ్చినవాళ్ళవి మాత్రం కొన్ని లైబ్రరీలోనే ఉంచాం. వాటికి అధికారికంగా నంబరు ఇవ్వడం కుదరదు. అందుకని పెద్ద పిల్లలు కుట్టిన నోటుబుక్ ఒకటి తీసుకుని, దానికి గీతలు కొట్టి, మా సొంత ఇష్యూ రిజిస్టరు చేసుకున్నాం: పుస్తకం పేరు, రాసినవారు, తీసుకున్నవారు, తేదీ, తిరిగిచ్చిన తేదీ. మొదటి వరసలో ఉన్నది "అన్నీ ఎండితే కథే ఉండదు" అన్న పిల్ల పుస్తకం. తీసుకున్నది పేపరు తాతగారు. మనవడికి చూపిస్తానని పట్టుకెళ్ళారు, వారం గడువు దాటి రెండు రోజులకి తెచ్చిచ్చారు. ఆలస్యమైందని ఆ పిల్ల రిజిస్టరులో ఎర్ర ఇంకుతో రాసింది.